పీఎస్5 స్లిమ్ డిస్క్ ఎడిషన్: శ్రీకాకుళం, విజయనగరంలో కొనేవాళ్ల కోసం రివ్యూ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉంటూ ఇప్పుడు ఒకే ఒక్క గేమ్ కన్సోల్, అంటే టీవీకి తగిలించి ఆటలాడే పెట్టె, కొనాలనుకుంటే మా ఓటు సోనీ ప్లేస్టేషన్ 5, అంటే పీఎస్5 స్లిమ్‌కే, అందులోనూ డిస్క్ డ్రైవ్ ఉన్న మోడల్‌కే. 2024 ఏప్రిల్‌లో భారత్‌లో విడుదలైనప్పుడు దీని ధర 54,990 రూపాయలు, డ్రైవ్ లేని డిజిటల్ ఎడిషన్ ధర 44,990. కొనే రోజు ధర ఎంతుందో మళ్లీ చూసుకోండి. షాపులో మీకు 4కే స్పష్టత గురించి, వెలుగునీడలను నిజంలా చూపే రే ట్రేసింగ్ గురించి చెబుతారు. అవి ఉన్నాయి, బాగానే ఉన్నాయి. కానీ ఈ పెట్టెను కొనమనడానికి మా దగ్గరున్న కారణం వేరు. సోనీకి చెందని బయటి స్టూడియోలు, వాడుకలో థర్డ్ పార్టీ అనేవాళ్లు, పెద్దవాళ్లూ చిన్నవాళ్లూ కూడా, తమ ఆటలను ముందుగా తెస్తున్నది దీనికే. కన్సోల్ అయిదారేళ్లు పనికొస్తుందా, రెండేళ్లకే షోకేసులోకి చేరుతుందా అన్నది తేలేది అక్కడే. సొంత బ్యానర్ సినిమాలు తప్ప మరేవీ వేయని థియేటర్ ఏడాదిలో ఎన్ని వారాలు నిండుతుంది?

మన ఇళ్లలో దీనికి క్రికెట్‌ను మించిన రుజువు లేదు. సోనీ క్రికెట్ ఆట చేయదు. మైక్రోసాఫ్ట్ చేయదు, నింటెండో చేయదు. ఒకప్పుడు అమెరికా గేమ్ కంపెనీ ఈఏ చేసేది. 2006లో పీఎస్2కీ పీసీకీ వచ్చిన క్రికెట్ 07తో ఆ వరుస ఆగిపోయింది. ఆ ఖాళీని నింపింది మెల్‌బోర్న్‌కు చెందిన బిగ్ యాంట్ స్టూడియోస్. డాన్ బ్రాడ్‌మన్ క్రికెట్ 14 నుంచి 2023 అక్టోబరులో వచ్చిన క్రికెట్ 24 దాకా, కన్సోల్‌లో సరైన క్రికెట్ ఆడాలంటే వాళ్ల మీద ఆధారపడాల్సిందే. అలాంటి ఒక్క బయటి స్టూడియో ఒక కన్సోల్‌ను వద్దనుకుంటే ఆ కన్సోల్‌లో క్రికెట్ లేనట్టే. ఎంత గొప్ప చిప్ పెట్టినా ఆ లోటు తీరదు.

ఇది ఈరోజు పుట్టిన సంగతి కాదు. 1979లో అప్పటి కన్సోల్ కంపెనీ అటారీ నుంచి కొందరు ప్రోగ్రామర్లు బయటికొచ్చి యాక్టివిజన్ పెట్టారు. కన్సోల్ తయారుచేసిన కంపెనీ కాకుండా ఇంకొకరు ఆటలు చేసి అమ్మడం అక్కడ మొదలైంది. తర్వాత ఎవరు పడితే వాళ్లు అటారీ 2600కి ఆటలు దించారు. నాసిరకం కార్ట్రిడ్జ్‌లు, అంటే ఆట ఉండే ప్లాస్టిక్ బిళ్లలు, దుకాణాల్లో పేరుకుపోయాయి, 1983లో అమెరికా మార్కెట్ కుప్పకూలింది. ఆ గుణపాఠంతోనే నింటెండో 1985లో అమెరికాలోకి తెచ్చిన ఎన్‌ఈఎస్ అనే కన్సోల్‌లో అనుమతి లేని కార్ట్రిడ్జ్‌లను ఆపేసే చిప్ పెట్టింది. ఒక్కో కంపెనీ ఏడాదికి ఐదు ఆటలకు మించి తేకూడదంది. కార్ట్రిడ్జ్‌ల తయారీ తన చేతిలోనే ఉంచుకుంది. నాణ్యత నిలబడింది, అమ్మకాలూ నిలబడ్డాయి. కాకపోతే బయటి కంపెనీలకు పెట్టుబడి బరువు పెరిగింది, సరుకు కోసం నింటెండో దయ మీద ఆధారపడాల్సి వచ్చింది.

ఆ అసంతృప్తి 1994 డిసెంబరులో జపాన్‌లో అడుగుపెట్టిన మొదటి ప్లేస్టేషన్‌కు కలిసొచ్చింది. సీడీ ముద్రించడం చవక, ఆర్డరిస్తే త్వరగా వస్తుంది, సుమారు 650 ఎంబీ పడుతుంది. నింటెండో 64 మాత్రం కార్ట్రిడ్జ్‌లనే పట్టుకుని కూర్చుంది. వాటిలో అతి పెద్దది 64 ఎంబీ. అంతవరకు నింటెండోతోనే నడిచిన స్క్వేర్ కంపెనీ తన ఫైనల్ ఫాంటసీ 7ను 1997లో మూడు సీడీల్లో ప్లేస్టేషన్‌కు ఇచ్చింది. ఆ కథ, ఆ వీడియోలు కార్ట్రిడ్జ్‌లో పట్టేవి కావు. చివరికి ప్లేస్టేషన్ 10.24 కోట్లు అమ్ముడైతే నింటెండో 64 దాదాపు 3.3 కోట్ల దగ్గర ఆగింది. నింటెండో సొంత ఆటలు ఆ తరంలోనూ అద్భుతంగానే ఉన్నాయి. అవి ఒక్కటే సరిపోలేదు, అంతే.

మరో జపాన్ కన్సోల్ కంపెనీ సెగా కథ ఇంకా బాధాకరం. దాని శాటర్న్ కన్సోల్‌లో రెండు ప్రాసెసర్లు పెట్టారు, రెంటినీ ఒకేసారి సరిగ్గా పనిచేయించడం బయటి ప్రోగ్రామర్లకు నరకమైంది. తర్వాత వచ్చిన డ్రీమ్‌కాస్ట్ మంచి యంత్రం, చవకైనది, ఇంటర్నెట్ మోడెమ్ కూడా దానితోనే వచ్చేది. కానీ ఈఏ దానికి ఒక్క ఆటా ఇవ్వలేదు. అమెరికాలో ఈఏ అమెరికన్ ఫుట్‌బాల్ ఆట లేని కన్సోల్ అంటే మన దగ్గర క్రికెట్ లేని కన్సోల్ లాంటిదే. 2001 మార్చిలో తయారీ ఆపేశారు, అమ్మినవి 91 లక్షలు. ఆ తర్వాత సెగాయే ఇతరుల కన్సోళ్లకు ఆటలు చేసే థర్డ్ పార్టీగా మారింది.

దీనికి ఎదురు ఉదాహరణగా నింటెండో వీ కన్సోల్‌ను చూపిస్తారు. బయటి ఆటలు అంతంతమాత్రంగా ఉన్నా అది 10 కోట్లు దాటింది కదా అంటారు. నిజమే. చేత్తో ఊపి ఆడే రిమోట్ కొత్తది, ఆటలంటే తెలియని ఇళ్లలోకి కూడా వెళ్లింది. అయితే అది హెచ్‌డీ లేని బలహీన యంత్రం కాబట్టి పోటీగా ఉన్న పీఎస్3, ఎక్స్‌బాక్స్ 360 కన్సోళ్ల ఆటలను అలాగే తెచ్చే వీల్లేకపోయింది. బయటివాళ్లకు నింటెండోతో పనిచేసే అలవాటు పోయింది. 2012లో వచ్చిన వీ యూ దాని ఫలితం అనుభవించింది: ఈఏ నాలుగు ఆటలిచ్చి తప్పుకుంది, మొత్తం అమ్మకం 1.36 కోట్లు దాటలేదు. కొత్తదనం ఒక్కసారే అమ్ముడవుతుంది.

సోనీ కూడా ఇదే దెబ్బ తింది, పీఎస్3తో. దానిలోని సెల్ ప్రాసెసర్ కాగితం మీద బలమైనది, దానికి ఆట రాయడం మాత్రం పెద్ద యాతన. పీఎస్4, పీఎస్5ల రూపశిల్పి మార్క్ సెర్నీ 2020 మార్చిలో ఇచ్చిన ప్రసంగంలో ఈ లెక్క చెప్పారు. కొత్త కన్సోల్ చేతికొచ్చాక తెరమీద ఏదో ఒకటి కదిలించే స్థాయికి చేరడానికి డెవలపర్‌కు మొదటి ప్లేస్టేషన్‌లో ఒకటి రెండు నెలలు, పీఎస్2లో మూడు నుంచి ఆరు, పీఎస్3లో ఆరు నుంచి పన్నెండు నెలలు పట్టేది. పీఎస్4లో మళ్లీ ఒకటి రెండు నెలలకు దించారు, పీఎస్5లో నెలలోపే. ఒక స్టూడియోకు ఏడాది జీతాలు మిగిలాయంటే అక్కడ ఇంకో ఆట పుడుతుంది. పీసీలో ఉండే రకం ప్రాసెసరే పెట్టడం, 16 జీబీ మెమరీ అంతా ఒకే వేగంతో ఇవ్వడం, సెకనుకు 5.5 జీబీ చదివే ఎస్‌ఎస్‌డీ స్టోరేజీ పెట్టడం, ఇవన్నీ ముందు డెవలపర్ల కోసం తీసుకున్న నిర్ణయాలు. 2025 మధ్యకల్లా పీఎస్5 అమ్మకాలు 8 కోట్లు దాటాయి. కొన్నవాళ్లు ఎక్కువైతే బయటి స్టూడియో ముందుగా ఇక్కడికే వస్తుంది, వస్తే ఇంకా ఎక్కువమంది కొంటారు. ఆ చక్రం ఒకసారి తిరగడం మొదలైతే ఆపడం కష్టం.

ఇప్పుడు చాలామంది బడ్జెట్ చూసి అడిగే మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ సంగతి. 2020 నవంబరులో 34,990కి వచ్చింది, చిన్నది, చప్పుడు లేదు. సమస్య మెమరీలో ఉంది. మొత్తం 10 జీబీ, అందులో 8 జీబీ ఒక వేగం, 2 జీబీ దానిలో నాలుగో వంతు వేగం. పెద్దన్న సిరీస్ ఎక్స్‌లో ఉన్న సదుపాయాలన్నీ ఇందులోనూ ఉండాలని మైక్రోసాఫ్ట్ నియమం పెట్టింది. దాంతో బాల్డర్స్ గేట్ 3 ఇద్దరు కలిసి ఆడే స్ప్లిట్ స్క్రీన్ దగ్గర ఇరుక్కుపోయింది. పీఎస్5కి 2023 సెప్టెంబరులో వస్తే, మైక్రోసాఫ్ట్ ఆ ఒక్క నియమాన్ని సడలించాక డిసెంబరులో గానీ ఎక్స్‌బాక్స్‌కు రాలేదు. బ్లాక్ మిత్: వుకాంగ్ పీఎస్5కి 2024 ఆగస్టులో వచ్చింది, ఎక్స్‌బాక్స్‌కు ఏడాది తర్వాత. ఇటు చూస్తే ఫోర్జా హొరైజన్ 5, సీ ఆఫ్ థీవ్స్ వంటి మైక్రోసాఫ్ట్ సొంత ఆటలే పీఎస్5కి వచ్చేశాయి. అంటే ఎక్స్‌బాక్స్ కొన్నవారికి మాత్రమే దొరికేవి తగ్గిపోతున్నాయి. పైగా డిస్క్ డ్రైవ్ లేదు, 512 జీబీలో ఆటలకు మిగిలేది 364 జీబీ. మీ వీధిలో మంచి ఫైబర్ ఉండి, ఒక్క చందాకు ఎన్నో ఆటలిచ్చే మైక్రోసాఫ్ట్ గేమ్ పాస్ కట్టి ఆడాలనుకునేవారికే ఇది సరిపోతుంది.

నింటెండో స్విచ్ మీద మాకు గౌరవం ఉంది. చిన్న స్టూడియోలను అది చేరదీసింది. పుణెలో తయారైన రాజీ అనే ఆట 2020లో మొదట వచ్చింది స్విచ్‌కే. కానీ నింటెండో మన దేశంలో కన్సోల్‌ను అధికారికంగా అమ్మదు. దొరికేవన్నీ బయటినుంచి తెచ్చినవి, పాడైతే వారంటీ అడగడానికి ఎవరూ ఉండరు. స్విచ్ 2లో ఇంకో చిక్కు వచ్చింది. కార్ట్రిడ్జ్ ఖరీదు భరించలేక చాలామంది బయటి పబ్లిషర్లు గేమ్ కీ కార్డులు అమ్ముతున్నారు. కార్డులో ఆట ఉండదు, తాళం మాత్రమే ఉంటుంది, ఆట మొత్తం డౌన్‌లోడ్ చేసుకోవాలి. ముప్ఫై ఏళ్ల నాటి కార్ట్రిడ్జ్ ఖర్చు సమస్యే వేషం మార్చుకుని వచ్చింది. నెట్ బలహీనంగా ఉన్న ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు. కొనేముందు కవరు మీద ఆ గుర్తు ఉందో లేదో చూడాలి.

డౌన్‌లోడ్ లెక్క ఒకసారి వేసుకుంటే డిస్క్ డ్రైవ్ కోసం అదనంగా ఇచ్చే డబ్బు ఎందుకో తెలుస్తుంది. బయటి స్టూడియోల పెద్ద ఆటలు ఇప్పుడు 100 నుంచి 150 జీబీ ఉంటున్నాయి. 100 జీబీకి 100 ఎంబీపీఎస్ ఫైబర్ మీద రెండుంపావు గంటలు, 30 ఎంబీపీఎస్ మీద ఏడున్నర గంటలు పడుతుంది. విజయనగరం గంటస్తంభం దగ్గరో, శ్రీకాకుళం పాలకొండ రోడ్డు మీదో ఉంటే ఇబ్బంది లేదు. మెళియాపుట్టిలోనో మందస లోపలి ఊళ్లలోనో ఫోన్ హాట్‌స్పాట్ మీద, రోజుకు 2 జీబీ ప్యాక్‌తో అయితే అదే ఆటకు యాభై రోజులు. డిస్క్ వేస్తే ఎక్కువ భాగం డిస్క్ నుంచే ఎక్కుతుంది, తర్వాత అప్‌డేట్ మాత్రం దించుకోవాలి. అది ఆటను బట్టి కొన్ని జీబీలు ఉంటుంది. క్రికెట్ 24 లాంటివి మొదటి రోజు తప్పులతో వచ్చి అప్‌డేట్లతో బాగుపడతాయి కాబట్టి, అప్‌డేట్ వేయకుండా ఆడి ఆట బాగాలేదని తేల్చేయకండి. కొత్త ఆటల ధర ఎక్కువే. డిస్క్ అయితే ఆడేశాక అమ్ముకోవచ్చు, స్నేహితుడి దగ్గరున్న దానితో మార్చుకోవచ్చు. పీఎస్4 డిస్కులు కూడా దాదాపు అన్నీ నడుస్తాయి, వాటిలో పాతవి చవకగా దొరుకుతాయి. నాలుగువేల పైచిలుకు పీఎస్4 ఆటలు మొదటి రోజు నుంచే అందుబాటులో ఉన్నాయంటే అది పదేళ్లుగా కూడబెట్టిన థర్డ్ పార్టీ బలం.

స్లిమ్‌లో డ్రైవ్ ఊడదీసే రకం. మొదటిసారి అమర్చేటప్పుడు డ్రైవ్‌ను కన్సోల్‌తో జత చేయడానికి ఇంటర్నెట్ తప్పనిసరి. దీనికి ఫోన్ హాట్‌స్పాట్ చాలు. పెట్టెలో అడ్డంగా పడుకోబెట్టడానికి రెండు ప్లాస్టిక్ కాళ్లు ఉంటాయి. నిలబెట్టే స్టాండ్ విడిగా కొనాలి, అది లేకపోయినా నష్టం లేదు, అడ్డంగానే ఉంచండి. 4కే టీవీ లేకపోయినా ఆడొచ్చు. ఫుల్ హెచ్‌డీ టీవీ సరిపోతుంది. పాత హెచ్‌డీ రెడీ టీవీ మీద మాత్రం బొమ్మ వస్తుంది గానీ కథ ఉన్న ఆటల్లో అక్షరాలు చదవలేరు. సెట్టింగ్స్‌లో గేమ్ ప్రీసెట్స్ అని ఉంటుంది, అందులో పెర్ఫార్మెన్స్ మోడ్ ఎంచుకోండి. ఈ తరహా టీవీల మీద రిజల్యూషన్ మోడ్ వల్ల ఒరిగేది తక్కువ, ఆట నెమ్మదిస్తుంది.

1 టీబీ అంటారు గానీ చేతికొచ్చేది 840 జీబీకి అటూఇటూ. పెద్ద ఆటలు ఆరేడు పడతాయి. పెంచుకోవడం సులువే. జెన్ 4 ఎన్‌వీఎంఈ ఎం.2 ఎస్‌ఎస్‌డీ కొనాలి, వేగం సెకనుకు 5,500 ఎంబీకి తగ్గకూడదు, వేడిని లాగేసే లోహపు ముక్క, అంటే హీట్‌సింక్ ఉండాలి, హీట్‌సింక్‌తో కలిపి ఎత్తు 11.25 మిల్లీమీటర్లు దాటకూడదు. విశాఖలో కంప్యూటర్ షాపువాళ్లు కొందరు పీసీకి వేసే లావు హీట్‌సింక్ అంటగడతారు, మూత పడదు. కన్సోల్ ఆపి, వైర్లన్నీ తీసి, మెత్తని గుడ్డ మీద పెట్టి పక్క మూత ఎత్తండి. స్లాట్ మీది చిన్న కవరు స్క్రూ తీసి, స్పేసర్‌ను 80 అంకె దగ్గరికి జరిపి, ఎస్‌ఎస్‌డీని ఏటవాలుగా దూర్చి నొక్కి స్క్రూ బిగించండి. ఆన్ చేయగానే ఫార్మాట్ చేయమని అదే అడుగుతుంది. ఇంత ఖర్చు వద్దనుకుంటే మామూలు యూఎస్‌బీ హార్డ్‌డిస్క్ పెట్టుకోవచ్చు. దాని నుంచి పీఎస్4 ఆటలు నేరుగా ఆడొచ్చు. పీఎస్5 ఆటలను దాచుకోవచ్చు గానీ ఆడాలంటే లోపలికి మార్చుకోవాలి.

కరెంటు, ఎండ, ఉప్పుగాలి విషయంలో మన జిల్లాలకు ప్రత్యేకంగా చెప్పాలి. సోనీ లెక్క ప్రకారం ఈ యంత్రం 35 డిగ్రీల గది వేడి దాకే. ఏప్రిల్, మే నెలల్లో రాజాం, పాలకొండ వైపు రేకుల గదుల్లో మధ్యాహ్నం ఆడితే ఫ్యాన్ మోత పెరుగుతుంది, కొన్నిసార్లు వేడెక్కిందని హెచ్చరిక వచ్చి ఆగిపోతుంది. గోడకు కనీసం పది సెంటీమీటర్లు ఎడం ఉంచండి, తలుపులున్న టీవీ యూనిట్‌లో పెట్టకండి. ఆటలో ఇది దాదాపు 200 వాట్లు తీసుకుంటుంది. 600 వీఏ యూపీఎస్ పెట్టుకుంటే కన్సోల్, టీవీ కలిసి కొన్ని నిమిషాలు నిలుస్తాయి. ఆట సేవ్ చేసి ఆపడానికి అది చాలు. వర్షాకాలంలో కన్సోల్‌ను సగం నిద్రలో ఉంచే రెస్ట్ మోడ్ వాడొద్దు, పూర్తిగా టర్న్ ఆఫ్ చేయండి. రెస్ట్‌లో ఉండగా కరెంటు పోతే స్టోరేజీ దెబ్బతినొచ్చు. అలా జరిగి మొండికేస్తే పవర్ బటన్‌ను రెండో బీప్ వినిపించేదాకా, అంటే ఏడు సెకన్లు, నొక్కి పట్టుకుంటే సేఫ్ మోడ్ వస్తుంది. కంట్రోలర్‌ను కేబుల్‌తో కలిపి, ఐదో ఆప్షన్‌లో క్యాష్, అంటే తాత్కాలిక డేటా, తుడిచి డేటాబేస్ మళ్లీ కట్టించండి. ఇందులో ఆటలు చెరిగిపోవు. ఆరూ ఏడూ నొక్కితే అన్నీ పోతాయి.

పిడుగుల రోజున ప్లగ్ పీకితే సరిపోదు, హెచ్‌డీఎంఐ కేబుల్ కూడా తీయండి. డిష్ వైరు నుంచి సెట్‌టాప్ బాక్స్‌కు, అక్కడి నుంచి టీవీకి, టీవీ నుంచి కన్సోల్ పోర్టుకు దెబ్బ చేరుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు రోజుల తరబడి కరెంటు లేని ఊళ్లున్నాయి. అలాంటి హెచ్చరిక వచ్చినప్పుడు కన్సోల్‌ను ప్లాస్టిక్ సంచిలో సిలికా జెల్ పొట్లాలతో కట్టి పెట్టడమే మేలు. బారువ, కళింగపట్నం, చింతపల్లి తీరంలో ఉండేవాళ్లు వాడని పోర్టులకు రబ్బరు మూతలు పెట్టుకుంటే తుప్పు ఆలస్యమవుతుంది. ఇంకో మాట గట్టిగా చెప్పాలి: ప్రాసెసర్ మీద పేస్ట్ బదులు ద్రవ లోహం ఉంటుంది, అది విద్యుత్ ప్రసారం చేస్తుంది. హీట్‌సింక్ విప్పిన మెకానిక్ చేయి జారితే బోర్డు షార్టవుతుంది. దుమ్ము తీయడానికి అంత లోపలికి వెళ్లనక్కర్లేదు. పక్క మూత తీస్తే దుమ్ము పేరుకునే రంధ్రాలు కనిపిస్తాయి, అక్కడ వాక్యూమ్ క్లీనర్‌తో తక్కువ వేగంలో లాగితే చాలు.

లోపాలు ఉన్నాయి. కంట్రోలర్ స్టిక్‌లు అరిగి వాటంతటవే కదలడం మొదలవుతుంది, కొత్తది కొనాలంటే బాగానే ఖర్చవుతుంది. డబ్బుపెట్టి కొన్న ఆటను నెట్‌లో స్నేహితులతో ఆడాలంటే పీఎస్ ప్లస్ చందా కట్టాలి. ఫోర్ట్‌నైట్ లాంటి ఉచిత ఆటలకు అక్కర్లేదు. ఇంకా పెద్ద ఫిర్యాదు మన వైపునుంచి: 2009లో హైదరాబాద్‌కు చెందిన అరోనా టెక్నాలజీస్ పీఎస్2కి హనుమాన్: బాయ్ వారియర్ చేసింది. అప్పటికి పీఎస్2 వచ్చి తొమ్మిదేళ్లు. మన దేశంలో ఆ పెట్టె ఉన్న ఇళ్లు ఉన్నాయి కాబట్టే అది సాధ్యమైంది. ఆ దారిలో తెలుగు స్టూడియోలు వరుసగా రావాలంటే సోనీ ఇక్కడి చిన్నవాళ్లకు ఇంకా చాలా చేయాలి. ప్రపంచంలోని థర్డ్ పార్టీలను గెలుచుకున్న కంపెనీకి ఇది చేతకాని పని కాదు.

సిక్కోలు నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లు వస్తూ పీఎస్5 తెస్తుంటారు. కొనేముందు కొన్ని సంగతులు. ఇక్కడి వారంటీ దానికి వర్తించదు. ఏ దేశపు డిస్క్ అయినా ఏ కన్సోల్‌లోనైనా ఆడుతుంది, కానీ ఆటకు తర్వాత కొనే అదనపు భాగాలు డిస్క్ ఏ ప్రాంతానిదో ఆ ప్రాంతపు అకౌంట్‌తోనే పనిచేస్తాయి. దుబాయ్ డిస్క్ వేసి ఇండియా స్టోర్‌లో కొన్నది కలవకపోవచ్చు, కవరు వెన్ను మీదున్న కోడ్ చూసుకోండి. అకౌంట్ దేశాన్ని తర్వాత మార్చే వీలు లేదు కాబట్టి మొదటే ఇండియా అని పెట్టండి. కరెంటు మాత్రం 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకుంటుంది, ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు. దాని చదరపు పిన్నుల ప్లగ్‌కు అడాప్టర్ తగిలిస్తే లూజు కాంటాక్టుతో నిప్పురవ్వలొస్తాయి. కేబుల్‌నే మార్చేయండి. ఏడు రోడ్ల జంక్షన్ చుట్టుపక్కల ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా టేప్‌రికార్డర్ వైరు అని అడిగితే ఇస్తారు, ఐఎస్ఐ గుర్తున్నది తీసుకోండి.